నాచారంలో నీళ్లు వద్దన్నాం

నేను భయస్తురాలిని. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. బస్సు వంతెన ఎక్కితే కళ్లు మూసుకుంటాను. గ్యాసు కట్టేశానో లేదో చూడ్డానికి సగం దారిలోంచి ఇంటికి తిరిగొస్తాను. "నిన్ను చూస్తే దయ్యమే దడుసుకుంటది" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. అలాంటి నన్ను పట్టుకుని, ఎనిమిది మంది ఆడపిల్లలను వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లి రమ్మన్నారు మా ప్రిన్సిపాల్. వెళ్లాను. వచ్చాను. వచ్చి నెల దాటినా ఫోను టింగుమంటే ఇప్పటికీ ఉలిక్కిపడుతున్నాను.

ములుగు అడవి అంచున ఉన్న చిన్న నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పడం నా పని. చదువులో భాగంగా మా పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పసివాళ్ల బరువు తూచాలి, గర్భిణుల పేర్లు రాసుకోవాలి, ఎవరికి ఏ టీకా పడలేదో కనుక్కోవాలి. పల్లెల్లో ఇది మాకు అలవాటే. రెండో ఏడాదిలో ఐదు రోజులు పట్నం బస్తీల్లో కూడా చేయాలి. ఈసారి మాకు నాచారం వచ్చింది.

రాజేశ్వరి సంగతి ఇక్కడే చెప్పాలి. ఏటూరునాగారం నుంచి బాగా లోపలికి వెళ్తే వచ్చే కోయగూడెం వాళ్లది. ఆ గూడెంలో ఇంటరు దాటిన మొదటి ఆడపిల్ల. ఆమెను మా స్కూల్లో చేర్చమని అడగడానికి వాళ్ల నాన్న సమ్మయ్య దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. మూడోసారికి ఒప్పుకున్నాడు. మేం హైదరాబాదు బస్సెక్కే రోజు ఆయన బస్టాండుకు వచ్చి నాతో రెండే రెండు మాటలు అన్నాడు.

"మేడం, ఈ పిల్ల మంచిగ మళ్లొస్తె ఇంకో నలుగురు ఆడపిల్లలను పంపుతం. ఏమన్న అయితె మా గూడెం నుంచి ఇగ ఎవ్వలు రారు."

బెదిరింపు కాదు. ఉన్నమాట చెప్పాడు, అంతే. బస్సు కదిలాక పిల్లలను లెక్కపెట్టాను. ఎనిమిది. పది నిమిషాలకు మళ్లీ లెక్కపెట్టాను.

ఉప్పల్ రింగ్ రోడ్డు

పోచారం దగ్గర అద్దాల మేడలు కనబడగానే పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. అక్కడి నుంచి ఉప్పల్ దాకా రోడ్డు మధ్యలో సిమెంటు స్తంభాలు, వాటి చుట్టూ దుమ్ము. బస్సు దిగేసరికి అందరి కనురెప్పలూ ఎర్రబడ్డాయి.

ఉప్పల్ చౌరస్తాలో రోడ్డు దాటడానికి పైన గుండ్రంగా ఒక నడకదారి కట్టారు. ఎక్కడం బాగానే ఎక్కాం. దిగాక లెక్కపెడితే ఏడుగురే. స్రవంతి లేదు. ఊరు దాటి ఒక్క పూట కూడా కాలేదు, అప్పుడే ఒకరు తగ్గారు! ఏం మొహం పెట్టుకుని ఇంటికి పోను? పావుగంట తర్వాత ఫోన్లో దొరికింది.

"మేడం, ఈడ మెట్లు అన్ని ఒక్కతీర్గనే ఉన్నయి. నేను మెట్రో దిక్కు దిగిన."

తిట్టాను, మళ్లీ నేనే కళ్లు తుడుచుకున్నాను. అప్పటి నుంచి ఒకరి చున్నీ కొస ఇంకొకరు పట్టుకుని నడవాలని నియమం పెట్టాను. చాయ్ బండి అతను మమ్మల్ని చూసి నవ్వాపుకోలేకపోయాడు. "ఏంది మేడం, నర్సరీ పిల్లలా?" అన్నాడు. చాయ్ పదిహేను రూపాయలు. కప్పు నా బొటనవేలంత ఉంది.

అక్కడే ఇంకొకటి జరిగింది. పిల్లలు యూనిఫాంలో ఉన్నారు. బండి మీద వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు ఆగి, "సిస్టర్, జర జ్వరమొచ్చింది, సుయి ఏస్తవా?" అని పళ్లికిలించి పోయారు. పిల్లలు నవ్వుకుని ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. ఆ సాయంత్రమే యూనిఫాంలు సంచుల అడుక్కి చేరాయి.

చిల్కానగర్ హాస్టల్

మా బస చిల్కానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్. రాత్రి భోజనంలో పనీరు పెడితే మా పిల్లలు సబ్బుముక్కలా ఉందని పక్కకు పెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుచేపల కారం పంచుకున్నారు. ఆ వాసనకు పక్క గది అమ్మాయిలు తలుపు వేసుకున్నారు. హాస్టల్ నడిపే ఆంటీ మాత్రం ఒక ముక్క అడిగి తీసుకుంది.

పొద్దున టిఫిను తింటున్నప్పుడు ఆ ఆంటీయే తన ఫోన్లో ఒక వాయిస్ మెసేజ్ వినిపించింది. ఎవరో మగ గొంతు, ఊపిరాడనంత హడావిడిగా మాట్లాడుతున్నాడు.

"పిల్లలను ఎత్తుకపోయెటోళ్లు తిరుగుతున్నరు. ఆడోళ్లు కూడ ఉన్నరు. పిల్లలున్న ఇండ్లకు గుర్తులు పెట్టిపోతున్నరు. జర పైలం!"

"అబద్ధమో నిజమో ఎవలకెరుక మేడం. మీరైతె పైలం" అంది ఆంటీ.

నా చేతిలో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. నాకు అర్థమైంది ఒక్కటే. ఈ ఊళ్లో మనుషులను ఎత్తుకుపోయేవాళ్లున్నారు, నా చేతి కింద ఎనిమిది మంది ఆడపిల్లలున్నారు. మిగిలిన మాటలు వినబడ్డాయి గానీ చెవికెక్కలేదు.

వెంటనే పిల్లలను కూర్చోబెట్టి నియమాలు చెప్పాను. యూనిఫాం వద్దు, మామూలు బట్టలే వేసుకోవాలి. ముఖానికి స్కార్ఫు కట్టుకోవాలి, ఇక్కడి ఆడపిల్లలందరూ దుమ్ముకు కట్టుకుంటున్నారు కదా. ఎవరడిగినా మీ పేరు, ఊరు చెప్పకండి. ఒక్కో ఇంట్లో పది నిమిషాలకు మించకండి. ఎవరింట్లోనూ ఏమీ తినకండి, నీళ్లు కూడా ముట్టకండి, అందులో ఏం కలుపుతారో ఎవరికి తెలుసు!

రాజేశ్వరి ఒక్కతే ఎదురు మాట్లాడింది. "మేడం, ఇచ్చిన నీళ్లు వద్దంటె వాళ్లకు బాధ గాదా?"

మా వైపు గూడేల్లో ఏ గడప దగ్గరికి వెళ్లినా ముందు చెంబుతో నీళ్లిస్తారు. తాగాకే మాట. అది నాకూ తెలుసు. అయినా "బాధ పడితే పడనీ, మన భద్రం మనది" అన్నాను.

నాచారం, ఫ్యాక్టరీల వెనక

మొదటి రెండు రోజులు సాఫీగా గడిచాయి. ఎందుకంటే మా ముందు సుగుణ నడిచింది. ఆ బస్తీకి ఆశ కార్యకర్త ఆమె. సన్నగా, చురుగ్గా ఉంటుంది. ఏ తలుపు ముందు నిలబడ్డా "వదినా, నేనే, తియ్యి" అనేది, తలుపు తెరుచుకునేది. ఆమె వెంట ఉంటే మా ముఖాలకు స్కార్ఫులున్నాయా మాస్కులున్నాయా అని ఎవరూ చూడలేదు.

బస్తీ ఫ్యాక్టరీ షెడ్ల వెనక ఉంది. గాలి ఇటు తిరిగితే బిస్కట్లు కాల్చే కమ్మని వాసన, అటు తిరిగితే ముక్కు మండే మందుల ఘాటు. రేకుల గదులు వరసగా ఉంటాయి. గది కిరాయి నాలుగు వేలు అని విని మా పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. కిరాయికుండేవాళ్లు జనగామ నుంచి, నల్లగొండ నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. గదుల యజమానులు ఈ ఊరివాళ్లే. ఒక పెద్దాయన తన మేడ మీద నిలబడి, "గీ గల్లీ మొత్తం మా మడి ఉండె బిడ్డా. గా టాన్స్‌ఫార్మర్ ఉన్న కాడ బాయి ఉండె" అని చూపించాడు. సాయంత్రం రోడ్డు పక్కన ఆడవాళ్లు జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతున్నారు. రొట్టెను కూడా అమ్ముతారా అని స్రవంతి ఆశ్చర్యపోయింది. రెండు తినేసి, అమ్మ చేసినట్టే ఉందని కళ్లనీళ్లు పెట్టుకుంది.

రెండో రోజు సాయంత్రం సుగుణ చెప్పింది. "మేడం, రేపు, ఎల్లుండి నాకు మీటింగున్నది. మీరు ఆగున్రి. చివరి గల్లీ నేనొచ్చినంక చేద్దాం."

ఆగాల్సింది. ఆగలేదు. ఈ ఊళ్లో ఒక్క రోజు ఎక్కువ ఉన్నా ఏదో ఒకటి అవుతుందని నా ప్రాణం పీకుతోంది. తొందరగా ముగిస్తే ఒక రోజు ముందే ఇంటికి పోవచ్చు. సుగుణకు చెప్పకుండానే మూడో రోజు పిల్లలను ఆ చివరి గల్లీలోకి ఇద్దరిద్దరుగా పంపాను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. గూడేల్లో ఇళ్లకు నంబర్లుండవు. అందుకని చూసిన ఇంటి తలుపు పక్కన సుద్దముక్కతో ఒక గీత గీస్తాం. దాని పక్కన ఆ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలెందరో ఆ అంకె వేస్తాం. తర్వాత ఏ వైపు వెళ్లామో తెలిసేలా ఒక బాణం గుర్తు. వెనక వచ్చే జట్టుకు తేలికని ఈ పద్ధతి నేనే పెట్టాను, ఏళ్లుగా చేస్తున్నాం. ఆ గల్లీలో కూడా అలాగే చేశాం. హాస్టల్లో విన్న మెసేజ్ నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. చదువుకున్నదాన్ని, పదిమందికి పాఠం చెప్పేదాన్ని. ఇంత మొద్దు బుర్ర ఎలా అయిందో!

ఆ సాయంత్రం రాజేశ్వరి డీలాగా ఉంది. ఏమైందంటే, "ఒక అవ్వ చెంబుతోని నీళ్లు తెచ్చింది మేడం. వద్దన్న. ఆ చెంబు అట్లనే పట్టుకొని నిలబడ్డది" అంది.

అంజమ్మ వాకిలి

నాలుగో రోజు మిగిలిన ఇళ్ల కోసం మళ్లీ అదే గల్లీకి వచ్చాం. పొద్దున పదకొండు దాటింది. నేను గల్లీ మొదట్లో కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాను. కనబడిన జట్టును కనబడినట్టు లెక్కపెట్టుకుంటున్నాను. లోపలి నుంచి కేక వినబడింది.

"దొరికిన్రు! దొరికిన్రు!"

ఎవరు దొరికారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పరుగెత్తాను.

ముప్పై నలభై మంది గుమిగూడారు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన మగవాళ్లు, చంకల్లో పిల్లలతో ఆడవాళ్లు. ఒకడి చేతిలో క్రికెట్ బ్యాటు. గోడకు ఆనుకుని రాజేశ్వరి, స్రవంతి. స్రవంతి స్కార్ఫు ఎవరో లాగేశారు, జుట్టంతా చెదిరి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఖాకీ చొక్కా వేసుకున్న ఆటో డ్రైవర్ ఒకతను రాజేశ్వరి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అందరూ యాదగిరన్నా, యాదగిరన్నా అంటున్నారు అతన్ని. కింద మా సంచి బోర్లించి ఉంది. అందులోంచి పడినవన్నీ ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తున్నారు.

"గీ కొక్కెం దేనికే? గీ గుడ్డ సంచి దేనికి?"

పసిపిల్లలను తూచే కొక్కెం తక్కెడ, బిడ్డను కూర్చోబెట్టే ఉయ్యాల గుడ్డ అవి. నా కళ్లతో ఎన్ని వందల సార్లు చూశానో. ఆ క్షణం అతని చేతిలో చూస్తే నాకే ఒళ్లు జలదరించింది.

"సుద్దముక్కలు సూడున్రి! అన్ని ఇండ్లకు గుర్తులు పెట్టిన్రు!"

"గీ బుక్కుల పిల్లల పేర్లు, ఏండ్లు, ఎవలింట్ల ఎంతమందో అంత రాసుకున్నరు!"

"మొఖం సూపియ్యమంటె సూపియ్యలే. ఏ ఊరే అంటె చెప్పలే. నిన్న మా అమ్మ నీళ్లిస్తె ముట్టలే" అన్నాడు యాదగిరి. "పోయిన నెల నా కొడుకు రెండు గంటలు కనవడలే. నాలుగేండ్ల పోరడు. మా పానాలు పోయినయి. మళ్ల ఊకుంటమా?"

ఒక్క క్షణం వెనక్కి తిరిగి పారిపోదామనిపించింది నాకు. రాయడానికి సిగ్గుగా ఉంది, కాని అనిపించిన మాట నిజం. తర్వాత ఎలాగో గుంపును తోసుకుని మధ్యలోకి వెళ్లి, "వదలండి వాళ్లను! పోలీసులకు ఫోన్ చేస్తాను!" అని అరిచాను.

దాంతో పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. "ఓ, గీమెనా వీళ్ల లీడరు?" అన్నారు ఎవరో. నా ఫోను లాక్కున్నారు. మెడలో ఐడీ కార్డు చూపిస్తే, "గిసొంటియి ఏ జిరాక్స్ దుకాణంల అడిగినా చేసిస్తరు" అన్నారు. చుట్టూ నాలుగైదు ఫోన్లు మా ముఖాలకు ఎదురుగా లేచి ఉన్నాయి. బ్యాటు ఉన్నవాడు ఒక అడుగు ముందుకు వేశాడు. సమ్మయ్య మాట తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు నాకు. మంచిగ మళ్లొస్తె, అన్నాడు ఆయన.

అప్పుడు రాజేశ్వరి రెండో చేత్తో తన స్కార్ఫు ముడి విప్పింది. యాదగిరిని గానీ నన్ను గానీ చూడలేదు. ఎదురుగా గడపలో కూర్చున్న ముసలామెను చూసింది.

"అవ్వా, నిన్న నువ్వు నీళ్లు తెచ్చినవు. వద్దన్న. తప్పయింది. ఇప్పుడియ్యి, తాగుత."

ముసలామె లేచి లోపలికి వెళ్లి స్టీలు చెంబుతో వచ్చింది. ఆమె అంజమ్మ, యాదగిరి తల్లి.

"అమ్మా, నువ్వు లోపలికి వో!" అన్నాడు యాదగిరి.

"నువ్వు సెయ్యి ఇడువు ముందుగాల. నీళ్లు తాగెటి పిల్ల సెయ్యి పట్టుకుంటర్రా ఎవలన్న?"

అతను వదిలాడు. రాజేశ్వరి చెంబు ఎత్తి, గుక్క తిప్పుకోకుండా అంతా తాగింది. మెడ మీద నుంచి నీళ్లు కారాయి. చెంబు తిరిగి రెండు చేతులతో ఇచ్చింది.

"ఏ ఊరు బిడ్డా?"

"ములుగు దిక్కు అవ్వా. గూడెం మాది. మా నాయిన పేరు సమ్మయ్య. నర్సు సదువుతున్న."

"మేడారం దిక్కు పిల్లవా? మరి గీ ముచ్చట నిన్న ఎందుకు చెప్పలేదే?"

రాజేశ్వరి తల దించుకుంది. "మేడం చెప్పొద్దన్నది" అంది.

ముప్పై నలభై ముఖాలు నా వైపు తిరిగాయి. అంజమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఏమ్మా, ఎందుకు చెప్పొద్దన్నవు?"

వంద సమాధానాలు చెప్పవచ్చు. నాకు దొరికింది ఒక్కటే. "భయమేసి" అన్నాను.

"మాకు గదే గదా" అంది అంజమ్మ.

తర్వాత ఆ కొక్కెం దేనికో చూపించమంది. రాజేశ్వరి యాదగిరి ఆటో పై కమ్మీకి తక్కెడ తగిలించింది. దానికి ఉయ్యాల గుడ్డ వేలాడదీసింది. అంజమ్మ లోపలికి వెళ్లి, నిద్ర కళ్లతో ఉన్న ఎనిమిది నెలల మనుమరాలిని తెచ్చి ఆ గుడ్డలో కూర్చోబెట్టింది. యాదగిరి కూతురు. అతను ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు, రెండు చేతులూ చాచి బిడ్డ కిందే పట్టుకుని నిలబడ్డాడు. ముల్లు ఊగి ఊగి నిలిచేదాకా అతనూ ఊపిరి తీసుకోలేదు, నేనూ తీసుకోలేదు.

"ఆరు కిలోల మీద జరంత ఉన్నది అన్నా. తక్కువున్నది" అంది రాజేశ్వరి.

"తక్కువనా?" అతని గొంతులో భయం ఇంకో వైపు తిరిగింది. "ఏం పెట్టాలె మరి?"

బ్యాటు పట్టుకున్నవాడు ఎప్పుడు వెళ్లిపోయాడో చూడలేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తమ పిల్లలను తూచమని దగ్గరికి వచ్చారు. కొందరు మాత్రం దూరంగా నిలబడి, నమ్మకం కుదరని ముఖాలతో గొణుక్కుంటూనే ఉన్నారు. నా ఫోను నా చేతికి వచ్చింది. దాన్ని ఇచ్చిన కుర్రాడు తల గోక్కుంటూ, "మేడం, వీడియో నేను గ్రూపులల్ల పెట్టేసిన. మస్తుమంది చూసిన్రు" అన్నాడు. యాదగిరి ఆ కుర్రాడిని తిట్టి, వీళ్లు దొంగలు కాదు నర్సు పిల్లలు అని తనే ఇంకో వీడియో తీయించాడు. కాని మొదటి దాన్ని ఎవరు ఆపగలరు!

సాయంత్రం సుగుణ ఆయాసపడుతూ వచ్చింది. నన్ను కడిగేసింది. "నాకు ఒక్క మాట చెప్తె ఏం పోయె మేడం? గల్లీ గ్రూపుల పెడుతుంటిని గదా. పానాలు పోతుండె ఇయ్యాల!"

ఆ పూటే బస్సెక్కుదామన్నాను. రాజేశ్వరి ఒప్పుకోలేదు. ఆ పాపను అంగన్‌వాడీలో రాయించాలట. ఐదో రోజు సుగుణ వెంట, యూనిఫాంలు వేసుకుని, ముఖాలు కనబడేలా వెళ్లాం. తడిగుడ్డలతో సుద్ద గీతలన్నీ తుడిచాం. పాపను అంగన్‌వాడీలో రాయించాం. ఇచ్చిన నీళ్లన్నీ తాగాం, ఇచ్చిన చాయ్‌లన్నీ తాగాం. మధ్యాహ్నానికి బాత్‌రూం ఎక్కడుందని సుగుణను అడగని పిల్ల లేదు. అందరూ నవ్వారు. నేను మాత్రం ఎవరు ఫోను పైకెత్తినా అటే చూశాను.

తిరుగు బస్సు

మర్నాడు ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకతను తన ఫోను చూశాడు, మా స్రవంతిని చూశాడు, మళ్లీ ఫోను చూశాడు. నేను పిల్లలందరినీ నా వెనక్కి లాక్కున్నాను. అతను తన బస్సెక్కి వెళ్లిపోయాడు. అతను నిజంగా ఏం చూశాడో నాకు ఎప్పటికీ తెలియదు.

ఘట్‌కేసర్ దాటాక రాజేశ్వరి ఫోను మోగింది. రెండు మాటలు విని పెట్టేసింది.

"మా నాయిన మేడం. వీడియో గూడెం దాక వచ్చిందట. బస్టాండుకు వస్తున్న అన్నడు, అంతె."

"ఇంకేమన్నాడు?"

"ఇంకేం అనలే."

వరంగల్ వచ్చింది, పోయింది. పిల్లలు నిద్రపోయారు. నేను ఎనిమిది తలలనూ లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు, ఒంటి మీద దెబ్బ లేదు. అయినా ఒకరిని పోగొట్టుకుని వస్తున్నట్టే ఉంది. రాజేశ్వరినే కాదు, నేను ఇంకా పేర్లు కూడా వినని ఆ నలుగురిని కూడా.

మా బస్టాండు

దిగేసరికి నాలుగు దాటింది. సమ్మయ్య తన బండి పక్కన నిలబడి ఉన్నాడు, ఒక్కడే. రాజేశ్వరి వెళ్లి పక్కన నిలబడింది. తండ్రి ఆమె మణికట్టు తిప్పి చూశాడు. ఆటో డ్రైవర్ పట్టుకున్నచోట కమిలిన గుర్తు ఇంకా ఉంది.

దాచాలని దారంతా అనుకున్నాను. దాచలేకపోయాను. యూనిఫాం తీయించింది నేనే, ముఖాలు కప్పించింది నేనే, పేరు చెప్పొద్దన్నది నేనే, నీళ్లు వద్దనమన్నది నేనే, సుగుణ ఆగమంటే ఆగనిది నేనేనని ఒక్కొక్కటీ చెప్పాను. పిల్లలను కాపాడాలని చేసినవన్నీ చివరికి వాళ్ల మీదికే తెచ్చాయన్నాను. చెబుతుంటే ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

సమ్మయ్య కూతురి చెయ్యి మెల్లగా వదిలాడు. తర్వాత, "మేడం, మీరు మొదటిపారి మా గూడెం వచ్చిననాడు మా ఆడోళ్లు పిల్లలను ఇండ్లల్ల పెట్టి గొళ్లేలు ఏసిన్రు. మీకెరుకేనా?" అన్నాడు.

తెలియదన్నాను. గూడెంలో పిల్లలు కనబడలేదేమిటా అని అప్పుడు అనుకున్న మాట గుర్తొచ్చింది.

"మా అమ్మ మీకు జావ ఇచ్చింది. పులిసిన జావ. మీరు మొఖం ముడుసుకోకుంట తాగిన్రు. గప్పుడు గొళ్లేలు తీసిన్రు."

ఆ రోజు నేను భయంతోనే తాగాను. వద్దంటే ఏమంటారోనని కళ్లు మూసుకుని మింగాను. అది ఆయనకు చెప్పలేదు.

"పిల్లను మళ్లెప్పుడు పంపాలె?"

"సోమవారం" అన్నాను. "తొమ్మిదింటికి."

ఆ నలుగురి సంగతి ఆయన ఎత్తలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు. రాజేశ్వరి సంచి బండికి కట్టాడు. బయల్దేరబోతూ ఆగి, హ్యాండిల్‌కు తగిలించిన నీళ్ల సీసా తీసి, మూత తిప్పి నా చేతికిచ్చాడు.

సగం చీర మీద పోసుకుంటూ, ఉన్నవన్నీ తాగాను.